నాలుగు మూలలా పసుపు

ఆగస్టు 8

వాన. బదిలీ సంగతి ఇవాళ కూడా ఏమీ తెలియలేదు.

టవర్ బండ ఎక్కి ఆయనకు ఫోన్ చేశాను. ఇప్పగుడలో సిగ్నల్ దొరికేది ఆ ఒక్క బండ మీదే, అదీ తూర్పు వైపు తిరిగి నిలబడితేనే. "ఈసారి బొబ్బిలి ఖాయమటగా నాగలక్ష్మీ" అన్నారు. ఎవరన్నారో చెప్పలేదు. పక్కనుంచి పాప ఫోన్ లాక్కుని, "నా టెన్త్ పరీక్షల్లోపు వచ్చేస్తావా అమ్మా?" అంది. వచ్చేస్తానన్నాను. ఈ బళ్లో చేరినప్పటి నుంచీ అదే మాట చెబుతున్నాను. ఈసారి మాత్రం నిజంగానే చెప్పాను.

ఈ ఊరితో నాకిక రుణం తీరిపోయింది. కప్పు కారుతోంది. నల్లబల్ల మీద కూడా బూజు పట్టింది. ఒక్క టీచరు, ఐదు తరగతులు. నేను వెళ్లిపోతే ఇంకొకరు వస్తారు, వాళ్లూ నాలాగే తిట్టుకుంటారు.

ఆగస్టు 10

ఓటరు కార్డులు వచ్చాయి!

భీముడు ముంచింగిపుట్టు సంత నుంచి తడిసి ముద్దై వచ్చాడు. చొక్కా లోపల ప్లాస్టిక్ సంచి, దాని లోపల ఇంకో సంచి, దాని లోపల కార్డులు. తను తడిశాడు, కార్డులు తడవలేదు. బడి అరుగు మీద పేరు పేరునా పిలిచి ఇమ్మని నన్నే కూర్చోబెట్టాడు.

ఈ ఊళ్లో సగం మందికి నిన్నటి దాకా ఏ కాగితమూ లేదు. కొండకు ఆ పక్క ఒడిశా, ఈ పక్క మనం. అటు వెళ్తే మీరు ఆంధ్రా వాళ్లన్నారు, ఇటు వస్తే మీరెవరో మాకు తెలియదన్నారు. కాఫీ తోటల్లో కూలికి పోయే భీముడు, ఎవరూ ఇవ్వని పదవి నెత్తిన వేసుకుని, ఒక్కొక్కరినీ ఆధార్ క్యాంపులకు తిప్పాడు. నడవలేని ముసలివాళ్లను డోలీ కట్టి మోయించాడు. అడిగితే సిగ్గుపడతాడు. "సంతకెలాగూ ఎల్తన్నాను గదా టీచరమ్మా" అంటాడు, మనుషుల్ని మోసుకెళ్లడం ఉల్లిపాయలు తెచ్చినంత పని అయినట్టు.

పుట్టిన తేదీ తెలియని వాళ్లందరికీ జనవరి ఒకటే వేశారు. ఊళ్లో ముసలివాళ్లంతా ఒకే రోజు పుట్టేశారు. కనకమ్మ కూడా ఆ రోజే పుట్టింది. కార్డు మీద తన ఫొటో చూసి, "ఈ ముసిల్ది ఎవులు?" అని అందర్నీ నవ్వించింది. కాసేపు పోయాక నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది.

"ఇది నాదేనా, ఊరందరికీ కలిపి ఇచ్చినారా?"

"నీదే. నీ ఒక్కదానిదే. కిల్లో కనక అని రాసి ఉంది."

ఆమె కార్డును రవికలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. సంతోషపడిందో లేదో నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 11

రాత్రి వానకు దారి మళ్లీ జారిపోయింది. ఇక్కడ దారి పని అంటే ఇంటికొకరు రావాలి. ఎవరూ టముకు వేయరు, ఎవరూ పేర్లు రాసుకోరు. కనకమ్మ పార భుజాన వేసుకుని నడిస్తే వెనకే జనం. ఆ దారి వేసింది కూడా వీళ్లే, రెండు వేసవులు తవ్వి. ఊళ్లో సోనికి పురిటి నొప్పులు వచ్చిన రోజు అంబులెన్సు సగం కొండ దాకా రాగలిగిందంటే ఆ దారి వల్లే. తల్లీ పిల్లా బతికారు.

నాకు వీళ్లను చూస్తే ఒక్కోసారి కోపం వస్తుంది. ఇంత మంచితనం దేనికి అని. బొబ్బిలిలో మా వీధి కాలవ పొంగితే నేను గుమ్మంలో నిలబడి మునిసిపాలిటీని తిడతాను, అంతే.

నేనూ కాసేపు రాళ్లు అందించాను. ఊరికే, ఏమీ తోచక.

ఆగస్టు 12

పంద్రాగస్టున జెండా ఎవరు ఎగరేయాలి? ఏటా నేనే. ఈసారి కొత్త ఓటర్లలో పెద్దావిడ చేత చేయిద్దామన్నాను. భీముడు ఎగిరి గంతేశాడు. కనకమ్మ మాత్రం, "తాడు తెగితే?" అంది.

తెగదన్నాను.

ఆగస్టు 14

పాడేరు నుంచి తెప్పించిన ఖాదీ జెండా వచ్చింది. బడిలో ఉంచితే కప్పు కారి తడుస్తుంది. నా గది కూడా అంతే. కనకమ్మ ఇంట్లో పొయ్యి పైన అటక ఉంది, పొడిగా ఉంటుంది. ఎగరేసేది కూడా ఆమే కదా అని ఇచ్చాను.

"కొత్తదేనా?" అని అడిగింది.

"కొత్తదే."

"ఎవులూ ఎగరెయ్యలేదా? ఇదే మొదటిపాలా?"

"ఇదే మొదటిసారి. ఏం?"

"ఏటీ లేదు" అంది. జెండాను రెండు చేతులా పట్టుకుని, అరుగు దిగేటప్పుడు కూడా కాళ్ల వైపు చూడకుండా, పసిపిల్లను తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్లింది.

ఆగస్టు 15

ఏం రాయను. ఇవాళ్టిలాంటి రోజు నా ఉద్యోగంలో రాలేదు.

తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. నేను చీర కట్టుకుని వెళ్లేసరికే భీముడు జెండా మడిచి, లోపల మందార రేకులు పెట్టి, తాడుకు కట్టేశాడు. ఆశ్రమ పాఠశాలలో చదివిన రోజుల్లో నేర్చుకున్నాడట. కనకమ్మ తలంటు పోసుకుని, ఉతికిన నీలం చీర కట్టుకుని, చెప్పుల్లేకుండా నిలబడింది. ఆమె చెప్పులు విప్పడం చూసి ఊరంతా విప్పేసింది. బురదలో నా చెప్పులు ఒక్కటే మిగిలితే నేనూ విప్పాను.

తాడు లాగితే ముడి రాలేదు. మళ్లీ లాగింది. రాలేదు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. "రాయే తల్లీ, బేగి రా, పిల్లలు సూత్తన్నారు" అని జెండాను బతిమాలి ఒక్క గుంజు గుంజింది. అది విచ్చుకుని రేకులన్నీ ఆమె తల మీద పడ్డాయి.

పిల్లలు సెల్యూట్ చేశారు. పెద్దవాళ్లు వాళ్లను చూసి చేశారు, సగం మంది ఎడమ చేత్తో. కనకమ్మ చేతులు జోడించింది. జనగణమన ఆమెకు రాదు. అయినా పాట అయ్యేదాకా పెదాలు కదుపుతూనే ఉంది. నాకు ఏడుపు వచ్చేసింది. ఎవరూ చూడలేదనుకుంటాను.

బండ ఎక్కి ఫొటో మా టీచర్ల గ్రూపులో పెట్టాను. పంపక తప్పదు, ప్రతి బడీ పంపాలి. కింద "మా ఇప్పగుడ, మా జెండా" అని రాశాను. వెళ్లిపోయేదాన్ని, "మా" ఏమిటో.

ఆగస్టు 16

మరకలట.

ఎవరో ఫొటోను పెద్దది చేసి, ఆకుపచ్చ రంగు మూలల దగ్గర ఎర్ర గీతతో సున్నా చుట్టారు. "జాతీయ జెండాకు మరకలా?" "ఇదా గౌరవం?" "టీచరుకు కళ్లు లేవా?" అది మా గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయింది. మా పై అధికారి జగన్నాథరావు గారు ఆరుసార్లో ఏడుసార్లో ఫోన్ చేసి ఉన్నారు.

బండ దిగి పరుగెత్తుకొచ్చి పెట్టె తెరిచి జెండా చూశాను. నాలుగు మూలలా పసుపు బొట్లు. కాషాయంలో కలిసిపోయాయి, ఆకుపచ్చ మీద మాత్రం తేలాయి.

"కొత్తదేనా?" అని ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. నేను మాత్రం పెట్టనా? పాపకు స్కూలు యూనిఫారం కొన్నా మూలన పసుపు పెట్టందే తొడగనివ్వను. ఆయన లుంగీకి కూడా పెడతాను. కొత్త బట్టకు పసుపు పెట్టని ఇల్లాలు మా వైపు ఉందా?

కొంచెం నీళ్లతో తుడిస్తే పోతుందనుకున్నాను. పోలేదు. సబ్బు రాశాను. రాయగానే బొట్లు ఎర్రగా మారిపోయాయి. పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతులే ఇవి, ఆ బుద్ధి అప్పుడు రాలేదు. పసుపు మరక ఎండకు వెలుస్తుంది కానీ ఎండ ఎక్కడిది ఈ కొండ మీద, ఈ నెలలో.

నాకేం భయం లేదు.

ఆగస్టు 17

భయం లేదు.

ఆగస్టు 18

జగన్నాథరావు గారితో మాట్లాడాను. చెడ్డ మనిషి కాదు. గొంతు తగ్గించి చెప్పారు.

"జెండా మీద ఏ గుర్తూ ఉండకూడదమ్మా, నియమం. పై నుంచి నన్ను అడుగుతున్నారు. ఎవరు పెట్టారో పేరు రాసి పంపేయండి, మీకేం కాదు. మీ బదిలీ కాగితం కూడా ఇక్కడే కదిలే టైములో ఈ గొడవేమిటి చెప్పండి."

"పేరు రాస్తే ఆ మనిషిని ఏం చేస్తారండీ?"

"విచారణకు ఎవరో వస్తారు. పోలీసుల దాకా పోతుందో లేదో నేనెలా చెప్పగలను?"

సాయంత్రం కనకమ్మ ఇంటికి వెళ్లాను. చోళ్ల అంబలి కాస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక పసుపు సంగతి సూటిగా అడిగేశాను.

"నానే ఎట్టినాను" అంది, అందులో అడగడానికేముందన్నట్టు. "కొత్త గుడ్డకి పసుపెట్టకపోతే కట్టినోలికి మంచిది కాదు గదా. మనిసి కట్టే కోకకే ఎడతాం. ఇది దేశం కట్టుకునే గుడ్డ. ఉత్తినే ఎలాగ ఎగరేత్తాం?"

తప్పని చెప్పాను. రూలుందని చెప్పాను. ఎవరో వస్తారని చెప్పాను. అంబలి కలపడం ఆపింది. రవికలోంచి ఆ కార్డు తీసింది.

"ఇది తీసేసుకుంటారా?"

"తీసుకోరు."

"నిజిమే సెప్తన్నావా?"

"నిజమే" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. ఆమె నా మొహం చూసి కార్డును మళ్లీ లోపల పెట్టేసుకుంది.

ఆగస్టు 19

మెమో వచ్చింది. "బాధ్యులెవరో పేరుతో సహా వివరణ ఇవ్వవలెను."

"గ్రామస్థురాలైన ఒక నిరక్షరాస్య మహిళ అవగాహన లేక" అని మొదలుపెట్టాను. అక్కడ ఆగాను. ఆ మాటలో కనకమ్మ ఎక్కడా లేదు. ఆ దారి లేదు, చెప్పులు విప్పడం లేదు. చింపేశాను.

పాప గుర్తొస్తోంది.

ఆగస్టు 20

రాసి పంపించాను. "పసుపు బొట్లు నేనే పెట్టాను. గ్రామస్థులకు దీనితో సంబంధం లేదు. పూర్తి బాధ్యత నాదే."

బదిలీ పోతే పోనీ. అరవై దాటాక ఒక మనిషికి చేతికొచ్చిన కార్డు కదా. చాలా రోజుల తర్వాత నా మీద నాకే గౌరవం కలిగింది. రాత్రి అన్నం కూడా హితవుగా తిన్నాను.

ఆగస్టు 21

భీముడికి చెప్పాను. వాడు నాకు దణ్ణం పెడతాడనుకున్నాను కాబోలు. నేల చూస్తూ నిలబడి, "ఆలికి సెప్పినావా?" అన్నాడు.

"ఎవరికి?"

"కనకమ్మకి."

చెప్పాల్సిన పనేముంది? మంచే చేశాను కదా.

ఆగస్టు 23

కనకమ్మ బడికి వచ్చింది. పిల్లల ముందే, ఎక్కాలు చెప్పిస్తుంటే. నేను ఆమె కోపాన్ని ఎప్పుడూ చూడలేదు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పసుపు నువ్వెట్టినావా?"

"కనకమ్మా, నీ మంచికే..."

"నువ్వెట్టినావా, నానెట్టినానా?"

"నువ్వే."

"మరి నువ్వని ఎందుకు రాసినావు?"

కార్డుకు ఇబ్బంది రాకూడదని చెప్పాను. పోలీసులనీ, కోర్టులనీ, నీకు అవన్నీ తెలియవనీ చెప్పాను. ఆమె అన్నీ విని ఇలా అంది. మాట మార్చకుండా రాస్తున్నాను:

"నా పేరు ఎవులూ ఎక్కడా రాయలేదు ఇన్నాళ్లూ. ఇప్పుడు కార్డిచ్చినారు, నానున్నానని. మొదటిపాలి గవుర్మెంటోళ్లు, ఇది సేసింది ఎవులూ అని అడిగినారు. నానని సెప్పాలి గదా? మంచికైతే నాను, తప్పుకైతే నువ్వా? కార్డు ఆళ్లు తీసేసుకుంటారని బెంగెట్టుకున్నాను. ఆళ్లు తీయలేదు. నువ్వే తీసేసుకున్నావు."

వెళ్లిపోయింది. పిల్లలు ఎక్కాలు చెప్పడం మానేశారు. నేనూ చెప్పమనలేదు.

ఆగస్టు 24

తప్పు నాది కాదు. మంచి మనసుతోనే చేశాను. ఎవరైనా అదే చేస్తారు.

ఆగస్టు 25

మంచి మనసుతోనే చేశాను. కానీ ఆమెను అడగలేదు. భీముడు ఇంత మందిని క్యాంపుకు తీసుకెళ్లాడు, ఏ ఒక్కరి వేలిముద్రా తను వేయలేదు. డోలీలో మోసుకెళ్లాడు, వేలు మాత్రం వాళ్లదే. నేను ఒక్క కాగితం రాసి త్యాగం చేశానని పొంగిపోయాను. సిగ్గేస్తోంది.

ఆగస్టు 26

ఎల్లుండి విచారణ. అనురాధ గారట, కొత్తగా వచ్చిన అధికారి. రేపు చవితి, ఇంటికి రమ్మని ఆయన. వెళ్లలేదు.

కనకమ్మ ఇంటికి వెళ్లాను. విచారణలో ఆమే అసలు సంగతి చెప్పేస్తుందని అనుకున్నాను. ఎదురుపడి అడిగాను.

"నాను సెప్పను" అంది. "అబద్దం రాసింది నువ్వు. నువ్వే తీయాల."

తీస్తే నా మీద ఇంకో మెమో. అధికారులకు అబద్ధపు వివరణ ఇచ్చినందుకు. బొబ్బిలి సంగతి ఇక మరిచిపోవచ్చు. తీయకపోతే? ఇంకేముంది, ఎవరికీ ఏమీ కాదు. ఆమె పేరు మళ్లీ ఎక్కడా ఉండదు, అంతే.

ఆగస్టు 27

దారి మళ్లీ కొట్టుకుపోయింది. ఇంటికొకరు వచ్చారు. అధికారి రావాలని కాదు, ఆ దారి ఎవరికోసమైనా ఉండాలని. తమ మీద విచారణకు వచ్చే మనిషికి తామే దారి బాగు చేసే ఊరు ఇంకెక్కడైనా ఉందా? నేను పొద్దున్నుంచీ రాళ్లు మోశాను. కనకమ్మ నాతో మాట్లాడలేదు గానీ, మధ్యాహ్నం అంబలి అందరికీ పోసినట్టే నాకూ పోసింది.

ఆగస్టు 28

అయిపోయింది. వివరంగా రాసుకోవాలి.

అనురాధ గారు నడుచుకుంటూ వచ్చారు. చిన్నపిల్లలా ఉన్నారు, మోకాళ్ల దాకా బురద. వెనక ఒక గుమాస్తా. దారిలో పార పట్టుకున్న ఒక పెద్దావిడ చెయ్యి అందించిందట, ఏటవాలు దగ్గర. ఆ పెద్దావిడే కనకమ్మ అని ఆవిడకు అప్పుడు తెలియదు.

బడి అరుగు మీద కుర్చీ వేశాం. ఊరంతా కింద కూర్చుంది. ఆవిడ నిలబడే కాగితాలు తీయబోతే కనకమ్మ, "ముందు కూసో అమ్మా నువ్వు, కొండెక్కి ఒచ్చినావు. నీల్లు తాగు" అంది. గుమాస్తా ఆ "నువ్వు"కు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ కూర్చుని నీళ్లు తాగారు.

నా వివరణ పైకి చదివారు. "పసుపు బొట్లు నేనే పెట్టాను." చదివి నా వైపు చూశారు.

"ఇది మీరు రాసిందేనా నాగలక్ష్మి గారూ?"

కనకమ్మ నన్నే చూస్తోంది. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు, ఊరికే చూస్తోంది. ఆ చూపులో పాప కనిపించింది, బొబ్బిలి కనిపించింది, ఏమేమో కనిపించాయి.

"రాసింది నేనే మేడమ్. కానీ అది అబద్ధం. పసుపు పెట్టింది నేను కాదు. కిల్లో కనక."

ఒక మనిషిని వేలెత్తి చూపించి అధికారికి పట్టించినట్టే ఉంది ఆ మాట. కానీ కనకమ్మ నడుం నిటారుగా చేసుకుని లేచింది. పేరు పిలిస్తే బళ్లో పిల్లలు లేచినట్టు.

"నానే" అంది.

"మీరు పెట్టారా?"

"ఎట్టినాను. నాలుగు మూలలా. కిల్లో కనక, రాసుకో."

"తప్పని తెలియదా అమ్మా?"

"అప్పుడు తెల్దు. ఇప్పుడు తెలిసింది. తప్పు నాది. టీచరమ్మది కాదు, జెండా మడిసిన భీముడిది కాదు. సిచ్చ ఏటేత్తావో నా పేరుకెయ్యి."

పక్కన రాసుకుంటున్న గుమాస్తా కొత్త చొక్కా కాలరు అంచున చవితికి పెట్టిన పసుపు ఇంకా ఉంది. నేను చూశాను, అనురాధ గారూ చూశారు.

తర్వాత ఆవిడ నెమ్మదిగా, అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పారు. అవమానించాలనే ఉద్దేశంతో చేస్తేనే నేరమని, ఇక్కడ అలాంటిదేమీ లేదని, కానీ నియమం అందరికీ ఒకటేనని. జెండా మీద పసుపైనా, కుంకుమైనా, దండైనా ఉండకూడదని. మరక పడ్డ జెండాను మళ్లీ ఎగరేయకూడదని, జనం మధ్య కాకుండా, గౌరవంగా దహనం చేయాలని.

దహనం అనేసరికి ఆడవాళ్లలో గుసగుస. కనకమ్మ మొహం అప్పుడు వాడిపోయింది. శిక్ష మాటకు వాడని మొహం.

"నా వల్ల ఒచ్చింది. నానే దగ్గరుంటాను" అంది.

భీముడు చెయ్యెత్తాడు. "అమ్మా, మరి కర్రకి పసుపెట్టొచ్చా?"

ఆవిడ మొదటిసారి నవ్వారు. "కర్ర జెండా కాదు కదా" అన్నారు.

నాతో ఒక్కమాటే అన్నారు వెళ్లేటప్పుడు. "మీ సంగతి నేను రాయక తప్పదండీ." రాయమన్నాను.

ఆగస్టు 29

కనకమ్మ పనస తొనలు పంపింది, ఎండబెట్టినవి. మాట్లాడుతోందన్నమాట.

ఆగస్టు 31

ఇవాళ పొద్దున్న, కొండ పైన. కనకమ్మ, భీముడు, నేను. జెండాను మడిచి ఎండు కట్టెల మీద పెట్టాం. పూర్తిగా అయ్యేదాకా కనకమ్మ కదల్లేదు. తర్వాత వాగులో ముగ్గురం స్నానం చేసి, తడి బట్టలతోనే ఊళ్లోకి వచ్చాం. కింద ఆ పూట ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదట. అలా చేయమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 9

బదిలీల జాబితా వచ్చింది. నేను లేను.

పాపకు చెప్పాను. జెండా గొడవ తనకు ముందు నుంచీ తెలుసు. "ఆవిడ పేరు నువ్వు చెప్పేశావా చివరికి?" అంది. చెప్పానన్నాను. "మంచి పని చేశావు. సెలవులకి నేనే అక్కడికి వస్తాలే" అంది. ఫోన్ పెట్టేశాక బండ మీద కూర్చుని ఏడ్చాను. బాధ లేదు. కొంచెం ఉంది. చాలా ఉంది. అయినా ఎవరైనా వచ్చి ఆ అరుగు మీద మళ్లీ నన్ను అడిగితే మళ్లీ అదే చెబుతాను.

సెప్టెంబరు 18

టపాలో రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నాకు. అబద్ధపు వివరణ ఇచ్చినందుకు మందలింపు. చదివి పెట్టెలో పడేశాను.

రెండోది కనకమ్మకు. సర్కారు ముద్ర ఉన్న కవరు, పైన ఆమె పేరు. భీముడు దాన్ని పట్టుకుని ఊరంతా కేకలు పెడుతూ పరుగెత్తాడు. ఓటరు కార్డులప్పుడు కూడా ఇంత గోల చేయలేదు. పొలాల్లో సామ కలుపు తీస్తున్నవాళ్లు కూడా వచ్చేశారు. కనకమ్మ చేతులు కడుక్కుని, చెంగుకు తుడుచుకుని, కవరు తీసుకుంది. తిప్పి తిప్పి చూసింది. నాకిచ్చింది.

నాకు భయం వేసింది. అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఇంతమందిలో చదవాలా అని అడిగాను. "అందరికీ ఇనపడేటట్టు సదువు" అంది.

చదివాను.

"శ్రీమతి కిల్లో కనక గారికి, ఇప్పగుడ గ్రామం. ఆగస్టు 15న మీ గ్రామంలో ఎగురవేసిన జాతీయ పతాకంపై మీరు పసుపు గుర్తులు పెట్టినట్లు మీరే స్వయంగా అంగీకరించినందున, మీ ఉద్దేశం గౌరవప్రదమైనదే అని విచారణలో తేలినందున, ఇకపై జాతీయ పతాకంపై ఎటువంటి గుర్తులూ పెట్టరాదని మిమ్మల్ని ఇందుమూలంగా హెచ్చరించడమైనది."

హెచ్చరించడమైనది అనేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి పెద్దవాళ్లూ కొట్టారు. ఆపండర్రా, ఇది హెచ్చరిక అని చెప్పబోయాను. కనకమ్మ మొహం చూసి ఊరుకున్నాను. ఆ మొహాన్ని ఇక్కడ రాయడం నా వల్ల కాదు. నా మనిషికి సన్మానం జరిగినట్టు అనిపించింది, ఏం చేయను.

"ఇంకోపాలి సదువు టీచరమ్మా" అంది.

"ఎక్కడి నుంచి? హెచ్చరిక దగ్గర్నుంచా?"

"అది తెలిసింది గదా, ఇంక సెయ్యను. 'గారికి' కాడి నుంచి సదువు."